బల్లమీది ముసలిది

లోకంలో తట్టిచూసేవాళ్ళ జాతి ఒకటుంది. రైలు ఆగగానే పొడుగు సుత్తి పట్టుకుని, పెట్టె పెట్టె దగ్గరా వంగి, చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గి వినేవాడు ఆ జాతివాడే. కుండను వేలితో మీటి కొనే ఇల్లాలు, పుచ్చకాయను చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టి మొహం చిట్లించి పక్కన పెట్టే ముసలాయన, కొత్త వంతెన మీద లారీలు పోతుంటే కింద నిలబడి కళ్ళు మూసుకునే ఇంజనీరు, వీళ్ళంతా ఒక తల్లి పిల్లలే. పైకి బాగున్నంత మాత్రాన వీళ్ళకి ఏదీ బాగున్నట్టు కాదు. లోపలి నుంచి జవాబు రావాలి. ఇలాంటివాళ్ళతో కాపురం కష్టమే గాని, వీళ్ళు లేని రైలు ఎక్కాలంటే భయం వేస్తుంది.

ఆగు బాబాయి ఆ జాతిలో పుట్టాడు. పాత మేడ ఒకదాని మెట్ల కింద అతని కొట్టు. మెట్లు పైకి పోతాయి కనక కప్పు ఏటవాలుగా ఉంటుంది. గుమ్మం దగ్గర నిటారుగా నిలబడవచ్చు, మధ్యకొస్తే నడుం వంచాలి, చివరికి పోతే చతికిలబడాలి. అంచేత అతని ఒళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఆ కప్పు వాలుకే ఒంగింది. అసలు పేరు ఒకప్పుడు బోర్డు మీద ఉండేది. ఎండకి వెలిసి వానకి కారిపోయాక మళ్ళీ రాయించమంటే "ఆగు" అన్నాడు. రిపేరుకిచ్చినవాళ్ళు "అయిందా బాబాయ్?" అని ఎప్పుడు తొంగిచూసినా అదే మాట. పెళ్ళిసంబంధం వచ్చినప్పుడు కూడా "ఆగండి" అన్నాడట, ఆడపిల్లవాళ్ళు ఆగలేదు. ఇప్పుడు యాభై దాటాయి. ఆ విషయంలో తొందరపెట్టేవాళ్ళూ లేరు.

ఇంతకీ ఎందుకాగాలంటే, మెమరీ టెస్టు అవ్వాలి.

కంప్యూటరు మెమరీ అంటే ఒక మహా పెద్ద లాడ్జీ అనుకోండి. డిస్కు అనేది ఇల్లు. సామానంతా అక్కడే శాశ్వతంగా ఉంటుంది. కాని ఏ పని పడ్డా సామాను ఇల్లు వదిలి ఈ లాడ్జీలో దిగాలి, పనయ్యాక ఖాళీ చేసి పోవాలి. లాడ్జీలో ఒక గది పాడైతే బయటికి తెలియదు. తలుపు తలుపులాగే ఉంటుంది, నంబరు మెరుస్తూనే ఉంటుంది. దిగినవాడు మాత్రం ఒక చొక్కా తక్కువతో బయటికొస్తాడు, అదీ తనకి తెలియకుండా. టెస్టు అన్నది ఒక మొండి తనిఖీదారు. లాడ్జీ మొత్తం ఖాళీ చేయిస్తుంది. ప్రతి గదిలోనూ ఒక మాట చెప్పి వెళ్తుంది. చివరిదాకా పోయి, మళ్ళీ మొదటికొచ్చి, "నేనేం చెప్పాను?" అని అడుగుతుంది. సరిగ్గా చెబితే వేరే మాట ఇస్తుంది. తప్పు చెప్పిన గది నంబరును నీలం తెరమీద ఎర్రగీతగా పడేస్తుంది. ఇదంతా అయ్యేదాకా ఆ యంత్రం ఇంకో పని ముట్టుకోకూడదు. పొద్దున పెడితే పొద్దుగూకుతుంది ఒక్కోసారి.

"బాబాయ్, నేనిచ్చింది కంప్యూటరా, కాన్పుకొచ్చిన మనిషినా?" అనేది ట్యూషన్లు చెప్పే టీచరమ్మ, గుమ్మంలో నిలబడి. "ఇన్నిగంటలు పరిశీలనలో పెట్టావు?"

"కాన్పయితే ఎప్పుడో ఒకప్పుడు తేలుతుందమ్మా. ఇది అడ్డం తిరిగిందో లేదో చూస్తున్నా."

"దానికొచ్చిన రోగం కీబోర్డు. కీబోర్డు మార్చమంటే మెదడు విప్పి కూర్చున్నావేంటి?"

"ఆగమ్మా, ఆగు. మెమరీ పాసవకుండా నా గడప దాటించను."

పక్కకొట్లో తాళాలు చేసేవాడికి ఇదో కాలక్షేపం. "టీచరమ్మా, మీరు నయం. మొన్న నేను లెక్కలు వేసే కాలిక్యులేటరు బాగుచెయ్యమని ఇచ్చా. ముందు రెండ్రెళ్ళు ఎంతని దాన్ని అడుగుతానన్నాడు. నాలుగంది. అయినా నమ్మలేదు. మళ్ళీ అడిగాడు."

"నీ తాళంచెవులు నువ్వు ఒకసారి తిప్పి ఇచ్చేస్తావు, వాళ్ళు ఇంటికెళ్ళి తిట్టుకుంటారు," అనేవాడు ఆగు బాబాయి తలెత్తకుండా. "నాకా బాధ లేదు."

అది నిజమే. ఆ వీధిలో అతన్ని తిట్టుకున్నవాళ్ళు ఉన్నారు గాని అతని చేతి పనిని తిట్టినవాళ్ళు లేరు.

ఏటవాలు కప్పుకింద బల్లమీద అతని సొంత యంత్రం ఒకటుండేది. పేరు ముసలిది. దానికి పై తొడుగు లేదు, పేగులన్నీ బయటే. ఎవరో పారేసిన బోర్డు, ఎవరో వదిలేసిన ఫ్యాను, కట్టుతీగతో కట్టిన డిస్కులు. పాత డిస్కులోంచి కొత్త డిస్కులోకి జనం సామానంతా ఎక్కించేది అదే. పెళ్ళి వీడియోలు, దుకాణం లెక్కలు, చదువుల సర్టిఫికెట్లు, పోయినవాళ్ళ గొంతులు, అన్నీ దాని గుండానే దాటాయి. రేవు దగ్గర పడవలాగా దానికి ఎప్పుడూ ఈ ఒడ్డునో ఆ ఒడ్డునో ఎవరో ఒకరు కాచుకుని ఉండేవాళ్ళు. కట్టినప్పుడు దానికీ టెస్టు పెట్టాడు, పాసయింది. ఆ తర్వాత పెట్టలేదు. బద్ధకంతో కాదు. టెస్టు పెట్టాలంటే ముసలిది రోజంతా పని మానాలి. ఏనాడూ దాని చేతులు ఖాళీగా లేవు. సరే, ఈ కాపీ అయ్యాక అనుకునేవాడు. ఆ కాపీ అయ్యేసరికి ఇంకొకరు గుమ్మంలో నిలబడేవాళ్ళు. అందరినీ ఆగమన్నవాడు ఆ ఒక్కదాన్ని ఆపలేకపోయాడు.

అతనికి ఇంకో అలవాటు కూడా ఉండేది. సామానంతా కొత్త డిస్కులోకి ఎక్కించి, రెండూ ఒకటేనా అని యంత్రం చేతే సరిచూపించి, ఆ తర్వాత పాతడిస్కుకి యజమాని కళ్ళముందే డ్రిల్లుతో బెజ్జం పెట్టేవాడు. ఎప్పుడో ఒకావిడ చెత్తలో పారేసిన డిస్కు ఎవడికో దొరికి, అందులోని ఆవిడ ఫోటోలు ఊరంతా తిరిగి, ఆవిడ ఆ వీధి వదిలి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ఈ నియమం. "పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి," అని యజమాని చేతనే డిస్కు పట్టించి డ్రిల్లు దింపేవాడు. వెండిపొడి రాలేది. అందరికీ అదో తృప్తి.

అతనికి ఒక అన్న. ఫోటోలు తీసేవాడు. పెద్ద స్టూడియో ఏం కాదు. ఒక ముందుగది, ఒక నల్లతెర, వెనక గోడమీద మబ్బులు గీసిన పరదా. బస్సు డిపో మనుషులు, మిల్లు మనుషులు, ఆస్పత్రి ఆయాలు, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు, అందరూ ఆ మబ్బుల ముందే కూర్చున్నారు. "గడ్డం కాస్త దించు. నవ్వొద్దు. నవ్వొద్దంటే నవ్వుతావేం?" అనేవాడు, అంతే, అందరూ నవ్వేవాళ్ళు, అప్పుడు నొక్కేవాడు. జీవితమంతా ఆ ఒక్క జోకుమీద నడిపాడాయన. తర్వాత జనం చేతుల్లోకే కెమెరాలొచ్చాయి, ముందుగది ఖాళీ అయింది. వాన నీళ్ళు ఇంట్లోకొచ్చిన ఏడాది నెగటివులన్నీ ఒకదానికొకటి అంటుకుని బూజుపట్టాయి. ఒక్కొక్కటీ విడదీసి, తుడిచి, స్కానరు మీద పెట్టి, డిస్కులోకి ఎక్కించడంతోనే ఆయన మిగిలిన ఓపికంతా పోయింది. ఎక్కించాక ఆ బూజుముద్దల్ని మున్సిపాలిటీ బండిలో పారేశారు.

అప్పుడు కళ్ళు మొదలయ్యాయి. డాక్టరు నీటికాసులన్నాడు. ఆ జబ్బు దొంగలా వస్తుంది. చూపును మధ్యలో ముట్టుకోదు, అంచులనుంచి కొద్దికొద్దిగా తినుకుంటూ వస్తుంది. పోయింది తిరిగిరాదు, మిగిలినదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవడమే, అదీ ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చాక అన్నగారు భార్యతో ఒక్కటే అన్నాడు: "పూర్తిగా మూసుకునే లోపల నేను తీసినవాళ్ళందర్నీ ఒక్కసారి చూసుకుంటానే. ఒక్కసారి చాలు."

రోజూ కాసేపు చూస్తూ వచ్చాడు. తొందరేం లేదన్నట్టు, ఒక్కో మొహం దగ్గరా ఆగి. ఇంతలో డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలెట్టింది.

వదిన దాన్ని తువ్వాలులో చుట్టి చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. ఎండాకాలం, మెట్ల కింద కొట్టు పొయ్యిలా ఉంది. అన్నగారు వెనక చేత్తో గోడ తడుముకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా మరిదిగారూ, మీ అన్నయ్య ప్రాణం తెచ్చా. ఆగు గీగు అన్నావంటే ఊరుకోను."

"దీన్ని ఆపను వదినా. ఆ చప్పుడు వింటున్నావుగా? ఇదే ఆగిపోయేలా ఉంది. ఇప్పుడే మొదలెడతా."

"ఒరేయ్ చిన్నోడా," అన్నాడు అన్నగారు స్టూలు వెతుక్కుని కూర్చుంటూ. "అన్నీ వస్తాయంటావా?"

"అన్నీ వస్తాయి అన్నయ్యా. చచ్చేలోపు కక్కిస్తాను."

కక్కించాడు కూడా. ఆ డిస్కుతో అతను పడ్డ పాట్లు చూస్తే పురిటి మంత్రసానులు గుర్తుకొస్తారు. ఆపాడు, చల్లార్చాడు, పక్కకి వంచాడు, మళ్ళీ చదివించాడు. ముసలిది రోజుల తరబడి ఫ్యాను గరగరలాడించుకుంటూ, ఎండకి వేడెక్కి చేయి పెట్టనివ్వకుండా పనిచేసింది. అంతా అయ్యాక, అన్నయ్య మెడ వంచలేడు కదా అని, అడ్డంగా ఉన్న ఫోటోలన్నిటినీ నిలువుగా తిప్పించి మళ్ళీ రాయించాడు. అది ఎవరూ అడగలేదు. ప్రేమకొద్దీ చేశాడు. చివరికి, తిప్పి రాసినవాటితో సహా అన్నీ సరిగ్గా దిగాయా అని ముసలిదాన్ని అడిగాడు. తేడా ఏమీ లేదంది.

అన్నగారే డిస్కు పట్టుకున్నాడు. "ఎక్కడరా బెజ్జం?" అని వేళ్ళతో తడిమాడు. "ఇదిగో ఇక్కడ, వేలు తియ్యి," అన్నాడు తమ్ముడు. డ్రిల్లు దిగింది. వెండిపొడి అన్నగారి పంచెమీద పడింది. ఆయన దులుపుకుంటూ నవ్వాడు.

పూర్వం పుస్తకాలను చేత్తో ఎత్తిరాసేవాళ్ళు ఉన్న రోజుల్లో, ఏ దేశంలోనైనా సరే, పని ముగించాక చివర ఒక వాక్యం చేర్చేవాళ్ళట: చూసింది చూసినట్టే రాశాను, తప్పులుంటే నన్ను అనకండి, అని. నడుములు విరిగి కళ్ళు పోయిన మనుషులు కనక తమ చేయి జారుతుందని వాళ్ళకి తెలుసు. యంత్రానికి ఆ జ్ఞానం లేదు. తేడా ఏమీ లేదని ఎంత ధీమాగా చెబుతుందో, ఆ ధీమాకి నోరు మూయించే ఉపాయం మనకి లేదు.

వానలు పడ్డాక ఒకనాడు వదిన ఒక్కతే కొట్టుకొచ్చింది. గొడుగు మూసి గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడింది.

"మీ అన్నయ్యకి కళ్ళు పోయాయయ్యా."

ఆగు బాబాయి స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టాడు.

"పోయాయంటే?"

"ఫోటోల్లో చారలు కనిపిస్తున్నాయంట. గులాబీవి, ఆకుపచ్చవి. సగం మొహం ఉంటుంది, కిందంతా బూడిదగా ఉంటుందంట. నాకు చెప్పలేదు. చూడ్డం మానేశాడు. ఎందుకు మానేశావంటే నిన్న చెప్పాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన పరీక్షలన్నీ చేసి, పోయినసారి ఎంతుందో చూపు అంతే ఉంది, తగ్గలేదంటాడు. ఈయన వినడే. నా కళ్ళు నాకు తెలీదా అంటాడు. మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. చుక్కలు వేయించుకోడు. పోయినవాటికి మందెందుకంటాడు."

"నువ్వు చూశావా వదినా, ఆ ఫోటోలు?"

"నాకా మిషను పెట్టడం వచ్చా చచ్చిందా? ఆయన పెడితే దూరంనుంచి చూడ్డమేగా."

అతను లేచాడు. కొట్టు తలుపు వేశాడు. ఆ వీధిలో పట్టపగలు ఆ తలుపు మూయడం తాళాలవాడు ఎన్నడూ చూడలేదు. "ఏం బాబాయ్, పెళ్ళిచూపులకా?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి నవ్వు మింగేశాడు.

అన్న ఇంటి ముందుగదిలో మబ్బుల పరదా ఇంకా గోడకే ఉంది. ఆగు బాబాయి కంప్యూటరు పెట్టి మొదటి ఫోటో తెరిచాడు. బాగుంది. రెండోది బాగుంది. ఆ తర్వాతది ఒక ఆయా ఫోటో. నుదురు, కనుబొమలు, కళ్ళు, ముక్కు దూలందాకా సుబ్బరంగా ఉన్నాయి. అక్కణ్ణించి మొహం పక్కకి జరిగింది, ఎవరో కత్తెరతో కోసి తప్పు అతికించినట్టు. దానికింద గులాబీ చార, ఆకుపచ్చ చార, ఆ కింద అంతా బూడిద. ఒడిలో పిల్ల ఉండాలి. పిల్ల ఉండాల్సిన చోట బూడిద.

లోపలి గదిలోంచి అన్నగారి గొంతు: "నీకు బాగానే కనిపిస్తున్నాయిగా?"

తట్టిచూసేవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. ఆ చారలు అతను ఇతరుల యంత్రాల్లో చూసినవే. ఇవి కంటివి కావు, డిస్కువి కావు. మెమరీవి.

"ఆగన్నయ్యా," అన్నాడు. "చూస్తున్నా."

కొట్టుకి తిరిగొచ్చి, జనానికి లేదుపొమ్మని చెప్పి, ముసలిదాన్ని మొదటిసారిగా ఖాళీ చేశాడు. టెస్టు పెట్టాడు. నీలం తెర వచ్చింది. స్టూలుమీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. చల్లగా ఉన్నంతసేపూ ముసలిది బడిలో మంచి పిల్లలా అన్నిటికీ సరైన జవాబే చెప్పింది. అతనికి ఒక వెర్రి ఆశ కూడా పుట్టింది. అప్పుడు దాని ఫ్యానుకి అట్టముక్క అడ్డం పెట్టాడు. ఎండాకాలం కొట్టులా అది వేడెక్కింది. ఒక ఎర్రగీత పడింది. ఇంకోటి. ఆ తర్వాత లెక్కపెట్టే పని లేకుండా తెరంతా ఎరుపు పాకింది.

సరిచూడమన్నప్పుడు అది తేడా లేదని ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థమైంది. పాతడిస్కులోంచి ఫోటోను తన మెమరీలోకి తీసుకుంది; అక్కడే అది చెడింది. చెడినదాన్నే కొత్త డిస్కులో రాసింది. మళ్ళీ చూడమంటే, మళ్ళీ పాతడిస్కు దాకా పోవడమెందుకని తన దగ్గరున్న ఆ చెడిన ప్రతినే పక్కన పెట్టుకుని పోల్చింది. రెండూ ఒకటే. అబద్ధమాడలేదు పాపం. దానికి తెలిసిన నిజం అదే.

మెట్లమీద ఎవరో చెప్పులు టపటపలాడించుకుంటూ దిగిపోయారు. అన్నయ్యవి సరే. మరి మిగతావాళ్ళవి? ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందో, ఎన్ని ఎండాకాలాలు గడిచాయో ఎవరు చెబుతారు? టీచరమ్మ పోయిన తల్లి మాట్లాడిన టేపు దీనిగుండానే వెళ్ళింది. తాళాలవాడి కూతురి పెళ్ళి దీనిగుండానే వెళ్ళింది. అందరూ బీరువాల్లో దాచుకుని నిశ్చింతగా ఉన్నారు. ఏ పండగలాంటి రోజునో, ఏ చావురోజునో తెరుస్తారు. పాతవన్నిటికీ అతనే బెజ్జాలు పెట్టాడు, వాళ్ళ చేతనే పట్టించి. ఇంటింటికీ వెళ్ళి చెప్పాలా? చెప్పి ఏం ఇవ్వాలి? ఆ రోజు ఏ ఇంటికీ వెళ్ళలేదు, తర్వాతా వెళ్ళలేదు. ముసలిదాన్ని మాత్రం మళ్ళీ ముట్టించలేదు. కాపీలు చెయ్యనని అడిగినవాళ్ళందరికీ చెప్పడం మొదలెట్టాడు. ఎందుకని ఎవరైనా గుచ్చితే, "కళ్ళు ఆనడం లేదు" అనేవాడు.

అన్నకి చెప్పక తప్పదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. అన్నగారు గోడవైపే తిరిగి ఉన్నాడు.

"అన్నయ్యా, నీ కళ్ళకేం కాలేదు."

"డాక్టరు పంపాడా నిన్ను?"

"చారలు నాకూ కనిపిస్తున్నాయి. ఫోటోల్లోనే ఉన్నాయవి. నా మిషన్లో మెమరీ పాడైంది. నేను చూసుకోలేదు."

అన్నగారు ఇటు తిరిగాడు. మెల్లిగా లేచి కూర్చున్నాడు. మొహం మీదికి వెలుగొచ్చింది, స్టూడియోలో దీపం వేసినట్టు.

"ఏమేవ్!" అని కేకపెట్టాడు. "ఏమేవ్, ఇట్రా! నా కళ్ళు బాగానే ఉన్నాయంట! వీడికీ అవే చారలు కనిపిస్తున్నాయంట! నేను చెప్పలా, ఆయా మొహం పక్కకి జరిగిందని? చెప్పలా? కరెక్టుగా చూశా!"

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ముందు మరిది మొహం చూసింది. ఆవిడకి అంతా అప్పుడే తెలిసిపోయింది.

అన్నగారికి కొంచెం సేపు పట్టింది.

"మరైతే... ఫోటోలు?"

"కొన్ని బాగున్నాయి. ఎక్కువ పోయాయి."

"పాత డిస్కు?"

అన్నగారే గుర్తుచేసుకున్నాడు. తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని, ఇంకా ఏదో పట్టుకున్నట్టే, చూసుకున్నాడు.

"అందరివీ పరీక్ష చేస్తావు కదరా."

"చేస్తాను."

"కీబోర్డు పోయిందంటే కూడా చేస్తావంట. నీ మీద వీధంతా జోకులు."

"అవునన్నయ్యా."

"మరి నీదానికి..."

"అది ఖాళీగా లేదు."

వదిన చుక్కలమందు సీసా తెచ్చి మొగుడి తల వెనక్కి వంచింది. ఆయన ఈసారి వేయించుకున్నాడు. మందు చెంపలమీదికి కారింది. ఆవిడ కొంగుతో తుడిచింది.

అసలు కష్టం మాత్రం ఆ తర్వాతే తెలిసింది. కొన్నాళ్ళకి బస్సు డ్రైవరు భార్య ఒకావిడ అన్నగారింటికి వచ్చింది. డ్రైవరు పోయాడు. వయసులో ఉన్నప్పుడు ఈ మబ్బుల ముందే ఫోటో దిగాడనీ, అది కావాలనీ అడిగింది. ఆగు బాబాయి ఆ వేళ అక్కడే ఉన్నాడు. వెతికి తెరిచాడు. కళ్ళదాకా ఉంది మనిషి.

"కింద ఏదీ?" అంది ఆవిడ.

"అది పోయిందమ్మా," అన్నాడు ఆగు బాబాయి.

"ఎక్కడికి పోయింది?"

"మా తప్పే. ఇంతవరకే ఉంది. ఇది కావాలంటే అచ్చు తీసిస్తాను."

ఆవిడ తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "సగం మొహాన్ని గోడకెలా తగిలించను బాబూ? మా మనవలు జడుసుకుంటారు," అంది. కోప్పడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టుంటే బాగుండేదని ఆగు బాబాయికి అనిపించింది. అన్నగారు ఆ రోజు ఇంకో ఫోటో తెరవనివ్వలేదు.

అయినా చూడటం మానలేదు. ఆయన కోరిక అదొక్కటే కదా, ఉన్నవాటినే చూసుకోవాలి. ఆదివారాలు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. వదిన వెనక కుర్చీలో కూర్చునేది. తెరమీద ఒక్కో మొహం వస్తుంది. అన్నగారు వేలు పెట్టి అడుగుతాడు.

"ఈ చార నాదా, దానిదా?"

"దానిది."

"ఈ మూల మసక?"

"అక్కడేం లేదన్నయ్యా. పరదా మడత కనిపిస్తోంది."

"అయితే అది నాది," అనేవాడు, చిల్లర లెక్క తేల్చుకున్నట్టు తలూపుతూ. "సరే, పద."

మొదట్లో ఈ పంపకం బాగానే నడిచింది. ఏది ఎవరి పాపమో తెలిస్తే మనిషికి అదో ఊరట. మిల్లు మేస్త్రీ మొహం దగ్గర నవ్వుకున్నారు; వాడు నవ్వొద్దంటే నిజంగానే నవ్వకుండా కూర్చుని అన్నగారి బతుకుని దెబ్బకొట్టిన ఒకే ఒక్క మనిషి. కవల పిల్లల ఫోటోలో ఒక పిల్ల పూర్తిగా ఉంది, రెండోది బూడిదలో కలిసింది. ఆ ఉన్నది పెద్దదా చిన్నదా అని మొగుడూ పెళ్ళాలు వాదించుకున్నారు. ఆగు బాబాయి ఇద్దరి మధ్యా దొంగలా కూర్చుని మీటలు నొక్కేవాడు.

చలికాలం వచ్చేసరికి "నాది" అనేవి ఎక్కువయ్యాయి. చుక్కలు మార్చారు. డాక్టరు వదినని బయటికి పిలిచి మాట్లాడాడు. వదిన ఆ మాటలు మరిదికి చెప్పింది గాని మొగుడికి చెప్పలేదు. అడిగితే, "అలాగే ఉందంట" అనేది. తెరకి అంగుళం దూరంలోకి మొహం తీసుకెళ్ళి చూసేవాడాయన. ఒక్కో మొహానికి పట్టే సేపు పెరిగింది. చూడాల్సినవి ఇంకా సగానికి పైగా ఉన్నాయి.

ఆ ఆదివారం కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. ఆగు బాబాయి మీట నొక్కాడు. తెరమీదికి ఒక పెళ్ళి జంట వచ్చింది. ఎక్కడా గీత లేదు, మరక లేదు. పిల్ల చెవి దుద్దు మెరుపు కూడా తెలుస్తోంది. అబ్బాయి మెడ దగ్గర చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నాడు, అదీ తెలుస్తోంది. వాళ్ళ వెనక మబ్బులు. ఇంత బాగున్న ఫోటో వచ్చి చాన్నాళ్ళయింది. చెబుదామని నోరు తెరిచాడు.

అన్నగారు తెరకి ముక్కు ఆనించి, ఇటు తిప్పి అటు తిప్పి, వెనక్కి జరిగాడు.

"అయ్యో, ఇది మొత్తం పోయింది కదరా. పైనుంచి కిందిదాకా బూడిదే. ఒక్క చుక్క వెలుగు లేదు." తమ్ముడి వైపు తిరిగాడు, కాస్త పక్కకి, తమ్ముడు లేని చోటికి. "ఇది దానిదేగా?"

ఆగు బాబాయి ఫోటోను చూశాడు. ఆ పిల్ల నవ్వాపుకోలేక పెదవి కొరుకుతోంది.

"ఆఁ," అన్నాడు. "దానిదే అన్నయ్యా."

"ఎంత పని చేసిందిరా నీ ముసలి మిషను! ఒక్క మొహమైనా మిగల్చలేదు. కనీసం ఎవరో తెలిసే వీలు లేకుండా చేసింది."

"తప్పయిపోయింది."

"తప్పయిపోయిందంటే? ఒక్క పూట ఆపి చూసుకోవడానికి నీకేం పోయింది? ఊరందర్నీ ఆపుతావు!"

"అవునన్నయ్యా. చూసుకోవాల్సింది."

అన్నగారు ఇంకా తిడుతూనే ఉన్నాడు. చాలా రోజులకి గొంతులో జీవం వచ్చింది. వెనక కుర్చీలో వదిన తెరమీదున్న జంటను చూస్తోంది. ఆమె కళ్ళు ఆ నవ్వుమీదా, ఆ తప్పు గుండీమీదా ఆగాయి. మరిది వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుని, కిటికీ తలుపు ఒకటి దగ్గరికి వేసింది.

"తర్వాతది పెట్టవయ్యా," అంది.